ఇరవై ఆరు ఈకలు

ఇరవై అయిదో, ఇరవై ఆరో. ఒక ఈక అటూ ఇటూ అయినా పర్వాలేదు, పద్నాలుగు మాత్రం కాదు. పద్నాలుగు కాదని మొదటిసారి లెక్కపెట్టినప్పుడే తెలిసిపోయింది. మరి మూడోసారి ఎందుకు లెక్కపెడుతున్నట్టు? ఎక్కడో చెయ్యి తడబడి ఉంటుందనా? ముప్ఫై నాలుగేళ్ళుగా తడబడని చెయ్యి ఇవాళ ఒక్కసారి తడబడితే బాగుండునని ఇంత ఆశా?

ఆమె పట్టకారు పక్కన పెట్టింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. పిట్టను అరచేతిలో బోర్లా తిప్పి, టేబుల్ లైటు దగ్గరికి లాక్కుని, సన్నటి సూదితో తోక ఈకల్ని ఒక్కొక్కటే విడదీసింది. మధ్యన వెడల్పాటివి పది. వాటికి రెండు పక్కలా, ఎవరో బ్లేడుతో చెక్కినట్టు, సన్నంగా బిరుసుగా ఉన్నవి ఎనిమిదీ ఎనిమిదీ. ఇరవై ఆరు.

పిట్ట కాలికున్న చీటీలో నంబరు 219. ఉత్తరాన రెండు రోజుల ప్రయాణం దూరంలో ఉన్న సరస్సులో దొరికినదని రాసి ఉంది. పక్కన తెరిచి ఉన్న పాత నోటుపుస్తకంలో 219 ఎదురుగా, చీమల బారులాంటి చిన్న అక్షరాలతో, ‘ఉల్లంకి, ఆడది, తోక ఈకలు 14’ అని ఉంది. బురదలో పొడుగు ముక్కు దించి పురుగులు ఏరుకునే చిత్తడి పిట్ట ఉల్లంకి. ఏడు గీతల పైన 212 ఎదురుగా, ‘ఉల్లంకి, మగది, ఊరి తూర్పు చిత్తడి, తోక ఈకలు 26. చివరివి సూదుల్లా ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను’ అని ఉంది.

రాసినాయన రెండుసార్లు లెక్కపెట్టాడట. తను మూడుసార్లు.

పిట్టల గది మ్యూజియం రెండో అంతస్తులో చిట్టచివరిది. జనం చూసే పిట్టలు కింద హాల్లో ఉంటాయి, అద్దాల వెనక కొమ్మల మీద, గాజుకళ్ళతో. ఇక్కడివి ఎవరికోసమూ నిలబడవు. ఇనప బీరువాల సొరుగుల్లో వెల్లకిలా, కాళ్ళు కలిపి కట్టించుకుని, కళ్ళ గుంటల్లో దూదితో, కలరా ఉండల వాసనలో వరసలు వరసలుగా పడుకుని ఉంటాయి. ఒక్కోదాని కాలికి ఒక చీటీ. ఎక్కడ, ఏ రోజు, ఎవరు తెచ్చారు. చీటీ ఊడితే ఇక అది పిట్ట కాదు, దూది కుక్కిన బొమ్మ అనేవారు అప్పటి క్యూరేటరు, పెద్ద డాక్టరుగారు. ఆ మాట ఆమె ఉద్యోగంలో చేరిన మొదటిరోజునే చెప్పారు. చర్మం వొలవటం, పురుగు పట్టకుండా పాషాణం పూయటం, దూది నింపటం, కుట్టటం అన్నీ తర్వాత నేర్పారు. చేతినిండా ఎప్పుడూ దూదే కాబట్టి ఆమె పేరు అందరూ మరిచిపోయారు. క్యూరేటరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె దూదక్క.

ఈ నోటుపుస్తకం పోయిన నెలలో వచ్చింది. అరవై ఏళ్ళ కిందట భూములు కొలుస్తూ ఊళ్ళు తిరిగిన ఒక సర్వేయరు, తీరిక దొరికినప్పుడల్లా పిట్టల్ని సేకరించేవాడు. ఆయన పోయాక ఇంటివాళ్ళు పెట్టెలన్నీ మ్యూజియానికి ఇచ్చేశారు. పుస్తకాలు మాత్రం ఎక్కడో ఉండిపోయి ఇన్నాళ్ళకి మనవరాలికి దొరికాయి. చీటీలన్నీ పుస్తకంతో సరిచూడమని క్యూరేటరు దూదక్కకి అప్పగించింది. రిటైరవటానికి ఇంకా నెలన్నర ఉంది, ఈ పని హాయిగా సరిపోతుందని.

ఆ పెట్టెలు వచ్చింది తను చేరిన నాలుగో నెలలో. మసి, బూజు. మెత్తటి కుంచెతో ఒక్కొక్క పిట్టనీ దులపటం తన పని. చీటీల దారాలు చివికిపోయి ఉన్నాయి. సర్వేయరు చీటీల మీద నంబరు, తేదీ, ఊరు తప్ప పిట్ట పేరు లేదు. మర్నాడు పెద్ద డాక్టరుగారు వచ్చి పేర్లు రాస్తారు. మధ్యాహ్నం కుంచె ఆగి చూసుకునేసరికి టేబుల్ మీద రెండు చీటీలు ఊడి పడి ఉన్నాయి. ఎదురుగా రెండు పిట్టలు, రెండూ ఎండుగడ్డి రంగు, రెండూ పొడుగు ముక్కు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్పే ఉన్నారు. ఊడిన చీటీని ఊహతో కట్టకూడదు. పిట్టనీ చీటీనీ ఒక కాగితం సంచిలో వేసి ‘సందేహం’ అని రాయాలి. రాస్తే డాక్టరుగారికి తెలుస్తుంది. నాలుగు నెలల ఉద్యోగం. ఎడమచేతి వైపు దాన్ని ముందు దులిపినట్టు గుర్తు. కట్టేసింది. కొత్త దారం, రెండేసి ముళ్ళు, చక్కగా.

అది ఇన్నాళ్ళూ గుర్తుందా అంటే గుర్తున్నట్టు కాదు. మరిచిపోయినట్టూ కాదు. ఇంట్లో వాడని గదిలాంటిది. తలుపు ఉందని తెలుసు, దాని ముందు నుంచే రోజూ నడుస్తాం, గడియ మీద చెయ్యి వెయ్యం.

ఒక్కసారి మాత్రం ఆ గడియ కదిలింది. పదకొండేళ్ళ కిందట. బస్సు కండక్టరుగా రిటైరైన ఒకాయన, తూర్పు చిత్తడిలో వింత ఉల్లంకిని చూశానని చెప్పటానికి వచ్చాడు. తూర్పు చిత్తడి ఆయన బస్సుకి ఆఖరి స్టాపు. బండి తిరిగి బయల్దేరేలోపు దొరికే పది నిమిషాల్లో పిట్టల్ని చూడటం మరిగాడు. సొరుగు తెరిచి పట్టుకున్నది దూదక్కే.

“ఇదేనండీ! ఇదే!” ముట్టుకోవద్దన్నారు కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని, మెడ మాత్రం చాచాడు కండక్టరు. “ఒళ్ళు దువ్వుకుంటూ తోకని విసనకర్రలా విప్పిందండీ. పక్క ఈకలు అచ్చం ఇలాగే, సూదుల్లా.”

పెద్ద డాక్టరుగారు చీటీ తిప్పి చదివారు. “ఇది సూదితోక ఉల్లంకి. దొరికింది ఉత్తరాది సరస్సులో. మన చిత్తడిది ఇదిగో, ఈ పక్కది. మామూలు ఉల్లంకి. సూదితోక ఈ తీరంలో దిగిన దాఖలా ఒక్కటీ లేదు.”

“నేను చూశానండీ.”

“చూశావయ్యా, కాదన్నానా? ఏది చూశావన్నదే గొడవ.”

ఏదో గుర్తు రాబోతున్నట్టయింది దూదక్కకి. సొరుగు మామూలుకన్నా కాస్త తొందరగా మూసింది. అంతే.

ఆ ఏడాది పక్షి పరిశీలకుల సంఘం వేసిన జాబితాలో ఆ పిట్ట పక్కన ‘చూసినవారి పొరపాటు’ అని అచ్చయింది. అప్పట్నుంచి కండక్టరు పేరు లేనిపిట్ట. “లేనిపిట్ట గారొచ్చారు, ఉన్నవాటిని జాగ్రత్తగా లెక్కపెట్టుకోండర్రా” అని ఎవరో ఒకరు అనటం, ఆయనా వాళ్ళతోపాటు నవ్వటం దూదక్క రెండుమూడుసార్లు విన్నది.

“ఏంటక్కా, దానికి జోల పాడుతున్నారా? గంటనుంచీ అరచేతిలోంచి దించలేదు.”

క్యూరేటరు. ముప్ఫై మూడేళ్ళ మనిషి, చేతిలో ఎప్పుడూ టీ కప్పు, గదిలోకి మాత్రం తేకూడదు కాబట్టి గుమ్మంలో నిలబడి తాగుతోంది.

“ఈ రెండిటి చీటీలూ తారుమారయ్యాయి మేడమ్” అంది దూదక్క. గొంతు మామూలుగానే వచ్చింది. పుస్తకంలో గీత మీద వేలు పెట్టింది. భూతద్దం అందించింది.

క్యూరేటరు కప్పు గుమ్మం బయట నేలమీద పెట్టేసి వచ్చింది. తనూ లెక్కపెట్టింది. ఇంకో పిట్టవీ లెక్కపెట్టింది. పద్నాలుగు. లేచి నిలబడి దూదక్క భుజాలు పట్టుకుని ఊపింది.

“అక్కా! అంటే సూదితోక మనదేనా? మన చిత్తడిదా? ఇన్నాళ్ళూ మన సొరుగులోనే పడుకుని ఉందా మహాతల్లి! సంఘం కొత్త జాబితా పదిరోజుల్లో అచ్చుకెళ్తోంది, ఇప్పుడే ఫోన్ చేస్తా.” గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “ఎలా మారాయంటారు? ఆ సర్వేయరే మార్చి కట్టుంటాడు. లేకపోతే వాళ్ళింట్లో పిల్లలు ఆడుకుని ఉంటారు.”

“అయి ఉంటుంది” అంది దూదక్క.

“మీ కళ్ళు కాబట్టి పట్టుకున్నారు. జాబితాలో మీ పేరు వేయిస్తాను చూడండి. మీ వీడ్కోలు రోజున నేను మాట్లాడేది కూడా ఇదే.”

క్యూరేటరు అడుగులు మెట్ల వైపు వెళ్ళిపోయాయి. అయి ఉంటుంది. ఎంత తేలిగ్గా వచ్చిందా మాట. తయారుగా నాలుక కిందే ఉన్నట్టు. దూదక్క రెండు పిట్టల్నీ ట్రేలో పక్కపక్కనే పడుకోబెట్టి, పైన కాగితం కప్పింది. ఆ కాగితం ఎందుకు కప్పిందో తనకే తెలియలేదు.

ఇంటి ముందుగదే ఆమె భర్త దుకాణం. దర్జీపని. సాయంత్రం ఆమె వెళ్ళేసరికి ఒక పొడుగు చొక్కాకి బొత్తాలు కుడుతున్నాడు. ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుని, చెప్పులు కూడా విప్పకుండా, మొత్తం చెప్పేసింది. క్యూరేటరుతో అన్న మాట కూడా. ఆయన దారం పంటితో కొరికాడు. పాషాణం పూసిన చేతులతో పని చేసి చేసి, ఎవరు దారం కొరికినా ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

“ఓసారి ఇద్దరి ప్యాంట్లు మార్చి ఇచ్చాను నేను” అన్నాడాయన. “గుర్తుందా? ఒకడు గోడకి నిచ్చెనంత పొడుగు, ఒకడు స్టూలంత. పొట్టివాడు మర్నాడే పరిగెత్తుకొచ్చాడు, మడతల్లో కాళ్ళు చిక్కుకుని పడబోతూ. పొడుగువాడు ఇప్పటికీ రాలేదు. మోకాళ్ళదాకా వేసుకుని ఎక్కడ తిరుగుతున్నాడో పాపం.”

నవ్వొచ్చింది ఆమెకి, ఇష్టం లేకుండానే. “నవ్వులాటగా ఉందా మీకు?”

“లేదులే. నెలన్నరలో ఇంటికొచ్చేస్తున్నావు. ఇప్పుడు నోరు విప్పితే ఏమవుతుంది, విప్పకపోతే ఏమవుతుంది? చీటీ ఎలాగూ సరిచేస్తున్నారుగా.”

“ఆయనున్నాడుగా. కండక్టరు.”

“ఆయన పిట్ట ఆయనకి దొరికినట్టేగా మరి.”

నిజమే. తన పేరు బయటికి రాకుండానే ఆయన పేరు బాగుపడుతుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. అంతా చక్కగా అమరినట్టే. రాత్రి ఆమె అన్నం ముందు కూర్చుంది. మెతుకులు కెలుకుతూ, కండక్టరు ఇప్పుడు బతికి ఉన్నాడో లేడో అనుకుంది. ఆ వెంటనే, లేకపోతే బాగుండుననే ఆలోచన ఒకటి, చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టంలా, లోపలికొచ్చి కూర్చుంది. ఆమె దాన్ని చూసి కంచం పక్కకి జరిపి లేచిపోయింది.

మర్నాడు ఆదివారం. ఆయన బతికుంటే అక్కడే ఉంటాడని, తూర్పు చిత్తడికి మొదటి బస్సెక్కింది.

ఆఖరి స్టాపులో దిగింది తనొక్కతే. రోడ్డు అయిపోయినచోట గట్టు, గట్టు కింద జమ్ము, జమ్ము అవతల బురదా నీళ్ళూ కలిసిన వెడల్పాటి వెలుగు. గట్టుమీద మడతకుర్చీ వేసుకుని, మెడలో దుర్భిణి, ఒళ్ళో అట్టకి క్లిప్పు పెట్టిన కాగితాలతో ఆయన ఉన్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. ఆమె అడుగుల చప్పుడుకి తల తిప్పకుండానే చెయ్యెత్తి ఆగమన్నాడు. బురద మీద తిరుగుతున్న చిన్న పిట్టల గుంపు మీదుగా ఆయన చూపు ఒక్కసారి పోయి వచ్చింది.

“నలభై మూడు” అన్నాడు. రాసుకుని, అప్పుడు తిరిగాడు. “ఎక్కినవాళ్ళని నిలబడేలోపే లెక్కపెట్టటం అలవాటమ్మా. వీళ్ళకి టిక్కెట్లు కొట్టే పని లేదు, అదొక్కటే సుఖం. మీరు మ్యూజియం దూదక్క కదూ? రండి, రండి. కూర్చోటానికి కుర్చీ ఒకటే ఉంది.”

“మీరు కూర్చోండి అన్నయ్యగారూ.”

ఆమె గట్టుమీద గడ్డిలో కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో బస్సులో వరసగా పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. ముందు పుస్తకం గురించి చెప్పింది. తర్వాత ఈకల లెక్క. తర్వాత ఊడిన చీటీలు, ఎడమచేతి వైపు పిట్ట. చెబుతున్నంతసేపూ ఆయన బురద వైపే చూస్తున్నాడు. దుర్భిణి కళ్ళకి ఎత్తుకోలేదు.

“అయితే ఉందన్నమాట” అన్నాడు చివరికి.

“ఉంది.”

“నేను చూశానన్నమాట.”

“చూశారు. ఆ రోజు సొరుగు పట్టుకుని నిలబడింది నేనే. అప్పుడైనా నోరు తెరవాల్సింది.”

ఆయన కోప్పడతాడని, పోనీ సంతోషిస్తాడని అనుకుంది. రెండూ కాలేదు. వంగి కుర్చీ కింద సంచిలోంచి ఒక లావుపాటి కట్ట తీశాడు. బస్సు ట్రిప్పుషీట్లు. వాటి వెనకవైపు తెల్లగా ఉన్నచోట రాసుకున్న పిట్టల లెక్కలు. వేలు తడిచేసుకోకుండా, పొడిచేత్తోనే, పాత కాగితాలు తిప్పుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగి ఆమెకిచ్చాడు. ‘సూదితోక ఉల్లంకి, 1. జమ్ము అంచున. తోక విప్పింది.’ దాని మీద స్కేలు పెట్టి గీసిన ఎర్రగీత.

“మ్యూజియం నుంచి ఇంటికెళ్ళి ఆ సాయంత్రమే కొట్టేశాను. అంత చదువుకున్నాయన చెప్పాడు కదా మరి.”

ఇంకో కాగితం తీశాడు. ఇంకోటి. వాటిమీద ఎర్రగీత లేదు. ‘ఉల్లంకి, మామూలుది, 1’ అని ఉంది.

“ఆ మరుసటి ఏడు మళ్ళీ వచ్చిందమ్మా. అదే చోటికి. అదే తోక. కళ్ళు నులుముకున్నాను. దుర్భిణి అద్దం తుడిచాను. ఇదంతా నీ భ్రమరా అని నన్ను నేనే కసురుకుని, మామూలుది అని రాశాను. ఆ తర్వాత ఏడూ అంతే. మొత్తం నాలుగుసార్లు. లేనిపిట్ట అని వాళ్ళంటే నాకేం బాధ లేదు, బస్సులో ఇంతకన్నా పెద్దపెద్దవి పడ్డాను. కానీ చూసింది చూసినట్టు రాయలేదు చూశారా, అది నేనే చేశాను. ఈ లెక్కలన్నీ ఏటా సంఘానికి ఇచ్చాను కూడా. అచ్చయ్యాయి.”

దూదక్క ఎర్రగీత కాగితాన్ని ఆయనకి తిరిగిచ్చింది. తను పాడుచేసింది ఒక మనిషి పరువు అనుకుని వచ్చింది. ఆ పరువుని జాబితాలో ఒక గీత తిరిగిచ్చేస్తుందని లోలోపల లెక్క కూడా వేసుకుంది. ఇన్నేళ్ళుగా ఈయన తన కళ్ళముందున్న పిట్టకి తనే తప్పు చీటీ కడుతూ వచ్చాడని ఎలా ఊహించగలదు?

“మీ దగ్గర తప్పు చీటీని ఏం చేస్తారమ్మా? చించేస్తారా?”

“చించం. తియ్యం కూడా. పక్కనే ఇంకో చీటీ కడతాం. ఏది తప్పో, ఎందుకు తప్పో, ఎవరు సరిచేశారో రాసి. తర్వాత వచ్చినవాళ్ళు రెండూ చూసి, కావాలంటే మమ్మల్నీ తప్పుపట్టొచ్చు.”

“కొట్టెయ్యరా?”

“కొట్టెయ్యం.”

ఆయన ఎర్రగీత మీద బొటనవేలు పెట్టి రుద్దాడు, పోతుందేమో చూస్తున్నట్టు. “నేను కొట్టేశానే.”

గుంపు లేచి, గాలిలో ఒకే చేయి తిప్పినట్టు తిరిగి, మళ్ళీ అక్కడే వాలింది. ఆయన పెదాలు తమంతట తామే లెక్కపెట్టాయి.

“మీ పేరు మాత్రం రాయకండమ్మా” అన్నాడు ఉన్నట్టుండి. “ఎవరో ఎప్పుడో చేశారని రాస్తే సరిపోతుంది. మీ పేరు రాస్తే మీకూ ఒక పేరు పెడతారు, మా సంఘంలో వాళ్ళకి ఇంకో పనేముంది? చీటీలమ్మ అంటారు.”

“దూదక్క కన్నా బాగానే ఉంది” అంది ఆమె. ఆయన నవ్వాడు. తెరలు తెరలుగా దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుంటూ, “నిజంగానే చెబుతున్నా. నాకు అవసరం లేదు” అన్నాడు.

బస్సు వచ్చేదాకా ఆమె అక్కడే కూర్చుంది. పేరు సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎక్కబోతుంటే, మెట్టు ఎత్తు చూసుకోమని వెనకనుంచి కేకేశాడు ఆయన.

సోమవారం పొద్దున పిట్టల గదిలో ఆమె టేబుల్ మీద రెండు కొత్త చీటీలు తయారుగా ఉన్నాయి. క్యూరేటరు తెల్లారకముందే వచ్చి అచ్చువేయించినట్టుంది. అందమైన చిన్న అక్షరాలు. ‘పాత చీటీ పొరపాటున మారినది. సేకరణకర్త నోటుపుస్తకం, తోక ఈకల సంఖ్య ఆధారంగా సరిచేయబడినది. పొరపాటును గుర్తించినవారు:’ ఆ పక్కన దూదక్క అసలు పేరు, ఎవరూ పిలవని పేరు, పూర్తిగా, ఇంటిపేరుతో సహా. తన పేరు అచ్చులో చూసుకోవటం ఆమెకి ఇదే మొదటిసారి. ఎవరో తెలియని మనిషి పేరులా ఉంది.

“ఎలా ఉన్నాయి అక్కా?” గుమ్మంలోంచి క్యూరేటరు, కప్పుతో. “కట్టేయండి. ఫొటో తీసి పంపాలి, సంఘంవాళ్ళు ఎదురుచూస్తున్నారు.”

“బాగున్నాయి మేడమ్.”

ఆమె వాటిని టేబుల్ అంచుకి జరిపింది. సొరుగు లాగి, ఖాళీ చీటీల కట్ట తీసింది. నీటికి చెదరని సిరా ఉన్న కలం. మూత తీసి, పాత కాగితం ముక్క మీద గీసి చూసింది. సన్నగా, నల్లగా పడింది. మొదటి చీటీ మీద నంబరు రాసింది, 212. తూర్పు చిత్తడి. తేదీ. సూదితోక ఉల్లంకి, మగది, తోక ఈకలు 26. చీటీ తిప్పింది. వెనకవైపు చోటు చాలా తక్కువ. అక్షరాలు చిన్నవి చేసుకుని, కుట్లు వేసినంత నెమ్మదిగా రాయటం మొదలుపెట్టింది. ‘శుభ్రం చేస్తుండగా ఈ పిట్ట చీటీ, 219 చీటీ ఊడిపోయాయి. సందేహం అని రాయకుండా ఊహతో మార్చి కట్టాను.’ తను ఉద్యోగంలో చేరిన సంవత్సరం, నెల వేసింది. ఆ కింద ఇంకో గీత. ‘ఈ పిట్టను ఇదే చిత్తడిలో పదకొండేళ్ళ కిందట చూసినవారు చెప్పినా అప్పుడు సరిచూడలేదు.’

క్యూరేటరు ఎప్పుడు దగ్గరికొచ్చిందో తెలియదు. చేతిలో కప్పు ఉంది, గదిలోకి తేకూడనిది. భుజం మీదుగా చదువుతోంది. చదవటం అయిపోయాక కూడా అక్కడే నిలబడి ఉంది.

“అక్కా... మీరా?”

దూదక్క తల ఊపింది. కలం కాగితం మీదనుంచి ఎత్తలేదు.

“ఇది రాస్తే ఎప్పటికీ ఉండిపోతుందక్కా. మనం పోయాక కూడా. ఎవరు సొరుగు తెరిచినా కనబడుతుంది.”

“అవును మేడమ్.”

చీటీ అడుగున మిగిలిన చోటు బియ్యపుగింజంత. దూదక్క చెయ్యి ఒక్క క్షణం ఆగింది, ఈకల్ని విడదీసేటప్పుడు ఆగినట్టు. తర్వాత అక్కడ, కట్టినదీ సరిచేసినదీ అని రాసి, తన పేరు రాసింది.